ఊపిరి కూడా అమానతే

షరీఅత్ లక్ష్యాలను గురించిన పాఠం మా మదరసాలో ప్రతి యేటా నా వంతుకే వస్తుంది. ధర్మం, ప్రాణం, బుద్ధి, సంతానం, సంపద అనే అయిదింటి పరిరక్షణే దైవాజ్ఞల పరమార్థమని ఇమామ్ గజాలీ (రహ్మ) వివరించారు. మద్యనిషేధం ప్రస్తావన వచ్చినప్పుడల్లా నేను విద్యార్థులకు ఒకే మాట చెబుతూ వచ్చాను: అది బుద్ధిని కాపాడేందుకు వచ్చిన ఆజ్ఞ అని. అరబీలో ‘ఖమ్ర్’ అనే పదానికి మూలార్థం కప్పివేయడం. స్త్రీలు తలపై కప్పుకునే ‘ఖిమార్’ కూడా ఆ ధాతువు నుంచి పుట్టినదే. బుద్ధిని కప్పివేసేది ఏదైనా ఖమ్రేనని హజ్రత్ ఉమర్ (రజి) నిర్వచించారు.

ఆ పాఠంలో తప్పు లేదు. కానీ అది సగం పాఠమేనని గత చలికాలంలో, నా పూర్వ విద్యార్థి ఒకతను ఊపిరాడక ఆసుపత్రి మంచం మీద పడి ఉన్న రోజుల్లో నాకు తెలిసివచ్చింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు నా పొరపాటు చెప్పుకోవాలి.

అతను చిన్ననాడు నా దగ్గరే ఖుర్ఆన్ పారాయణం నేర్చుకున్నాడు. గొంతు మంచిది. తండ్రి పోవడంతో పదహారో యేట చదువు మాని లారీ క్లీనరుగా చేరాడు. తరువాత డ్రైవరయ్యాడు. రాత్రి ప్రయాణాలూ, ఒళ్ళు నొప్పులూ, తోటివారి సహవాసమూ కలిసి అతన్ని సీసాకు అలవాటు చేశాయి. రెండేళ్ళ క్రితం ఒక శుక్రవారం నేను మస్జిద్‌లో మద్యపానాన్ని గురించి ప్రసంగించాను. పేరు ఎత్తలేదు గాని, ఎవరిని గురించి చెబుతున్నానో అందరికీ అర్థమయ్యేలా చెప్పాను. అలాంటివారిపై శాపం పడుతుందని కూడా అన్నాను. అతను మూడో వరుసలో తల వంచుకుని కూర్చున్నాడు. ఆ తరువాత మస్జిద్ గడప తొక్కలేదు. నా ప్రసంగం బాగా పనిచేసిందని నలుగురూ మెచ్చుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

చలికాలంలో ఒక వేకువన అతని తల్లి మా ఇంటికి వచ్చింది. “హజ్రత్, పిల్లవాడికి నాలుగు రోజులుగా జ్వరం, దగ్గు. రాత్రి నుంచి ఊపిరి అందడం లేదు” అన్నది. వెంటనే జిల్లా కేంద్రంలోని ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయాము. న్యుమోనియా అన్నారు. కుడి ఊపిరితిత్తి కింది భాగమంతా ఎక్స్‌రేలో తెల్లగా కమ్ముకుని ఉంది. ఆక్సిజన్ పెట్టారు. వైద్యుడు తల్లిని అడిగాడు: “ఇతనికి మద్యం అలవాటు ఉందా అమ్మా?”

ఆమె నా వైపు చూసింది. “అలాంటివేమీ లేవయ్యా” అన్నది.

నాకు నిజం తెలుసు. అయినా మాట్లాడలేదు. సాటి మనిషి లోపాన్ని కప్పిపుచ్చడం పుణ్యకార్యమని మనకు బోధ ఉంది కదా, దాన్నే పాటిస్తున్నానని మనసుకు సర్దిచెప్పుకున్నాను. నిజానికి టోపీ పెట్టుకుని పక్కన నిలబడిన నా పరువును కూడా ఆ మౌనం చాటున కప్పుకున్నాను.

మూడో రాత్రి అతనికి వణుకు పుట్టింది. చెమటలు పట్టాయి. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటూ గాలిలో చేతులు ఆడించాడు. తల్లిని గుర్తు పట్టలేదు. గాలి సోకిందేమో, ఏదైనా చదివి ఊదమని ఆమె నా కాళ్ళ దగ్గర కూర్చుని ప్రాధేయపడింది. చదివాను, ఊదాను. కానీ లోపల ఏదో పొడిచినట్టయి, ఆమెను వరండాలోకి పిలిచి “చివరిసారి ఎప్పుడు తాగాడమ్మా?” అని అడిగాను. ఆమె ఏడ్చింది. “ఆసుపత్రికి వచ్చే ముందు రాత్రి కూడా తాగాడు. మీరు ఎదురుగా ఉండగా ఆ మాట ఎలా చెప్పను హజ్రత్?” అన్నది.

ఆ మాట నా చెంప మీద కొట్టినట్టే తగిలింది. నేను పక్కన ఉండటం వల్లనే ఆ తల్లి వైద్యునికి నిజం చెప్పలేకపోయింది. నేనే వెళ్ళి వైద్యునికి చెప్పాను. ఆయన కోప్పడలేదు. రోజూ ఎక్కువగా తాగేవారికి మద్యం ఒక్కసారిగా ఆగిపోతే రెండు, మూడు రోజుల్లో ఇలాంటి మతిభ్రమ రావచ్చుననీ, అది ప్రాణాంతకం కూడా కావచ్చుననీ చెప్పి, వెంటనే తగిన మందులు, బి-1 విటమిన్ ఇంజక్షన్లు మొదలుపెట్టాడు. రెండు రోజులకు అతను తేరుకుని “అమ్మీ” అని పిలిచాడు.

ఆ సాయంత్రం వైద్యుడు నన్ను కూర్చోబెట్టి చెప్పిన మాటలే ఈ వ్యాసానికి ఆధారం. “మద్యం అనగానే అందరికీ కాలేయం గుర్తొస్తుంది గురువుగారూ. ఊపిరితిత్తులు ఎవరికీ గుర్తురావు. రోడ్డు మీద పోలీసులు ఊదమన్నప్పుడు యంత్రం ఎలా పట్టేస్తుంది? నెత్తుటిలోని మద్యం ఊపిరితిత్తుల గదుల్లోకి ఆవిరై వస్తుంది కనుకనే కదా” అన్నాడు.

మన ఊపిరితిత్తులలో 30 కోట్లకు పైగా వాయుగోణులు, అంటే అతి చిన్న గాలి గదులు ఉంటాయి. దుమ్ము, సూక్ష్మక్రిములు రోజంతా వాటిలోకి వస్తూనే ఉంటాయి. వాటిని పట్టి మింగి హరించేందుకు ఆ గదులలో కాపలా కణాలు తిరుగుతుంటాయి. వీటిని మాక్రోఫేజ్‌లు అంటారు. మన పాఠ్యపుస్తకాలలో స్థూలభక్షక కణాలని ఉంటుంది. కణాలు ఇలా క్రిములను మింగుతాయని 1882లో గుర్తించిన మెచ్నికాఫ్ అనే శాస్త్రవేత్తకు 1908లో నోబెల్ బహుమతి లభించింది.

కాపలా కాయాలంటే శక్తి కావాలి. ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అనే సూక్ష్మమైన పొయ్యిలు ఉంటాయి. అవి ఆక్సిజన్ సాయంతో ఒక గ్లూకోజ్ అణువు నుంచి దాదాపు 30 ఏటీపీ అణువులను, అంటే కణం ఖర్చు పెట్టుకోగల శక్తి నాణేలను తయారుచేస్తాయి. మైటోకాండ్రియా సాయం లేకుండా గ్లూకోజ్‌ను పైపైన విరగ్గొడితే వచ్చేవి రెండే.

నా రెండో కూతురు డిగ్రీలో సూక్ష్మజీవశాస్త్రం చదువుతోంది. ఈ విషయంపై వచ్చిన పరిశోధనలను ఆమె నాకు చదివి వివరించింది. అమెరికాలోని అట్లాంటా నగరంలో ఉన్న ఎమరీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఎలుకలకు తాగే నీటిలో వారాల తరబడి మద్యం కలిపి ఇచ్చి, వాటి ఊపిరితిత్తుల కాపలా కణాలను పరీక్షించారు. ఆ కణాలలో హానికరమైన ఆక్సిజన్ రూపాలు పెరిగాయి. మైటోకాండ్రియా దెబ్బతిని ఆక్సిజన్‌ను వాడుకోలేకపోయాయి. కణం శక్తి కోసం ఆ రెండు నాణేల దారినే ఎక్కువగా పట్టింది. క్రిములను మింగే సామర్థ్యం తగ్గింది. నిలకడగా మండే పొయ్యి ఆరిపోతే ఎండుగడ్డి మంట మీద పదిమందికి అన్నం వండబోయినట్టుంది ఆ కణం పరిస్థితి. కాపలావాడు గుమ్మంలోనే ఉన్నాడు, కానీ కర్ర ఎత్తే సత్తువ లేదు. మద్యానికి బానిసలైన మనుషుల ఊపిరితిత్తుల నుంచి సేకరించిన కణాలలోనూ ఆ మింగే శక్తి సన్నగిల్లినట్టు తేలింది. ఊపిరితిత్తులను ఆ దాడి నుంచి కాపాడే గ్లుటాథయోన్ అనే పదార్థం కూడా వారిలో బాగా తగ్గిపోయి ఉంటుంది.

మధుమేహానికి వాడే ఒక మందు ఇచ్చినప్పుడు ఎలుకల కణాలు కొంత కోలుకున్నాయట. “అయితే అది మనుషులకు చికిత్స అనుకోకూడదు అబ్బా. ఇంకా పరిశోధనలోనే ఉంది” అని అమ్మాయి హెచ్చరించింది.

ఇది ప్రయోగశాలకు పరిమితమైన సంగతి కాదు. తీవ్రమైన జబ్బుతో ఊపిరితిత్తులు చెడిపోయే ప్రమాదమున్న 351 మంది రోగులను అమెరికాలో పరిశీలించి 1996లో ఒక వివరం ప్రకటించారు. మద్యం దుర్వినియోగ చరిత్ర ఉన్నవారిలో 43 శాతం మందికి ఊపిరితిత్తులు కుప్పకూలే స్థితి ఏర్పడగా, లేనివారిలో అది 22 శాతమే. క్షయ విషయానికి వస్తే, రోజుకు 40 గ్రాములకు మించి మద్యసారం తీసుకునేవారికి ఆ వ్యాధి వచ్చే ప్రమాదం సుమారు మూడు రెట్లని 2008లో ప్రచురితమైన ఒక సమీక్ష చెప్పింది. మన దుకాణాలలో అమ్మే 180 మిల్లీలీటర్ల విస్కీ సీసాలో దాదాపు 60 గ్రాముల మద్యసారం ఉంటుంది. “రోజూ ఒక్క క్వార్టరే కదా” అనుకునేవారు ఈ లెక్క చూసుకోవాలి. క్షయక్రిమి తలదాచుకునేది కూడా ఆ కాపలా కణాలలోనే అన్నది మరింత భయం గొలిపే విషయం.

మద్యంలో కొంత ప్రయోజనం ఉన్నదని, అయితే దాని పాపం ప్రయోజనం కన్నా పెద్దదని దివ్యఖుర్ఆన్ అల్ బఖర సూరా తెలుపుతోంది. నా విద్యార్థి ఒళ్ళు నొప్పులకు తాగాననే చెప్పాడు. ఆ కాస్త ఉపశమనం కోసం అతను ఇచ్చుకున్న వెల ఊపిరి. మందుగా వాడతామని అడిగినవారికి కూడా, అది మందు కాదు, రోగమేనని దైవప్రవక్త (స) బదులిచ్చినట్టు సహీహ్ ముస్లింలో ఉంది. దగ్గు, జలుబు వస్తే చెంచాడు బ్రాందీ పట్టించే ఇళ్ళు ఇప్పటికీ మన చుట్టుపక్కల ఉన్నాయి. ఆ ఇళ్ళవారికి ఈ మాట చేరవేయాలి.

అరబీలో ‘నఫ్స్’ అంటే ప్రాణం, ‘నఫస్’ అంటే ఊపిరి. రెండూ ఒకే ధాతువు. మద్యనిషేధం బుద్ధితో పాటు ఊపిరినీ కాపాడుతుందని ఈ యేడు మొదటిసారిగా పాఠంలో చేర్చాను. మరొక హదీసును కూడా చేర్చాను. మద్యం తాగిన నేరంపై పలుమార్లు పట్టుబడిన ఒక వ్యక్తిని ఎవరో శపించగా, దైవప్రవక్త (స) వారించి, అతడు అల్లాహ్‌ను, ఆయన ప్రవక్తను ప్రేమించేవాడని తెలియజేశారు. ఇది బుఖారీలో ఉంది. ఎన్నోసార్లు చదివాను, చదివించాను. శుక్రవారం నాడు వేదికనెక్కినప్పుడు మాత్రం మరిచిపోయాను.

పాఠక సోదర సోదరీమణులారా! ఇంట్లో ఎవరికైనా ఈ వ్యసనం ఉంటే లోకం ముందు కప్పండి, వైద్యుని ముందు కప్పవద్దు. రోజూ బాగా తాగేవారు మానదలచినప్పుడు వైద్యుని పర్యవేక్షణలోనే మానాలి. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్ళె పరీక్ష చేయించండి; ప్రభుత్వాసుపత్రులలో క్షయ పరీక్ష, చికిత్స ఉచితం. ఇక నాబోటి బోధకులకు ఒక మనవి: పాపాన్ని ఖండిద్దాం, కానీ పాపి మన ఎదుట నిజం చెప్పుకోలేని స్థితిని కల్పించవద్దు.

అతనికి క్షయ లేదని తేలింది. తొమ్మిదో రోజున ఇంటికి వచ్చాడు. నేను వెళ్ళి అతని తల్లి ఎదుటే క్షమాపణ అడిగాను. “మీరెందుకు హజ్రత్, తప్పు నాదే కదా” అని చేయి పట్టుకున్నాడు. నడుమ ఒకసారి మళ్ళీ జారాడు. ఈసారి దాచలేదు, తానే వచ్చి చెప్పాడు. ఇద్దరం కలిసి ఆసుపత్రికి వెళ్ళాము. ఇప్పుడు ఊళ్ళో ఉన్న రోజున ఫజ్ర్ నమాజుకు వస్తున్నాడు. దీర్ఘమైన ఆయతుల దగ్గర ఇంకా ఊపిరి చాలడం లేదు. మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని మళ్ళీ చదువుతాడు.

ఊపిరి మన సొత్తు కాదు, అప్పగించినవాడు తిరిగి లెక్క అడిగే అమానత్. దానిని కాపాడుకునే బుద్ధినీ, తడబడినవారి చేయి పట్టుకునే మనసునూ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.