పదమూడో నంబరు బూట్లు

షూ షాపులో మీ అందరికీ జరిగేది ఒకటుంటుంది. నచ్చిన జత చూపిస్తారు, నంబరు చెప్తారు, కుర్రాడు నిచ్చెనెక్కి డబ్బా దించుతాడు. నాకు ఆ ముచ్చట ఇంతవరకూ తీరలేదు. నేను లోపలికి అడుగు పెట్టగానే ఆ కుర్రాడు నా మొహం చూడడు, కాళ్ళు చూస్తాడు. తర్వాత గల్లాపెట్టె దగ్గరున్న ఓనరు వంక చూస్తాడు. ఆ తర్వాత వచ్చే డైలాగు నాకు కంఠతా వచ్చు: "ఈ మోడల్లో పది దాకానే సార్." ప్రొద్దుటూరులో విన్నాను, కడపలో విన్నాను, బెంగుళూరు వచ్చాక ఇంగ్లీషులో విన్నాను.

నా పాదం పొడవు పన్నెండు అంగుళాలు. అంటే కొలతల్లో చెప్పే అడుగు, నా అడుగు, రెండూ ఒకటే. చిన్నప్పుడు పులివెందులలో ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ టేపు మర్చిపోయి వస్తే నన్ను నడిపించి గది కొలిచారు. ఇది జోకు కాదు, ఆ వంటిల్లు ఇప్పటికీ ఉంది :)

మా ఇంట్లో మగవాళ్ళందరివీ ఇవే కాళ్ళు. మా జేజినాయనవి నాకంటే ఇంకా పెద్దవని జేజి చెప్పేది. జమ్మలమడుగు పక్క పల్లె మాది. ఆయన వయసులో ఉన్నప్పుడు ఎర్రమల కొండల్లో వేటకి పోయేవాడట. కుందేళ్ళు, కౌజు పిట్టలు, అదృష్టం బాగుంటే అడవిపంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ కథ ముగిసింది, మంచిదే అయింది లెండి. తుపాకీ పోయింది కానీ చెప్పులు మిగిలాయి. నేను చూసిన జేజినాయన చెప్పులు ఒక్కోటి చిన్న చాటంత ఉండేవి. చెప్పులు కుట్టే ఆయన ఇంటికే వచ్చి, తోలు నేల మీద పరిచి, జేజినాయనని దాని మీద నిలబెట్టి, బొగ్గుముక్కతో పాదం చుట్టూ గీత గీసేవాడు. కుడి కాలికి ఒక గీత, ఎడమ కాలికి ఇంకో గీత. అంతే కొలత. 1988లో పోయాడు జేజినాయన, చెప్పులకి నంబర్లు ఉంటాయని తెలియకుండానే.

ఇబ్బంది మా నాయన దగ్గర మొదలైంది. ఆయన టీచరు. టీచరన్నాక బూట్లుండాలి, బూట్లు షాపులో కొనాలి, షాపులో పది దాకానే ఉంటాయి. కాబట్టి నాయన ముప్పై ఏళ్ళు పదో నంబరు వేసుకున్నాడు. "తోలే కదా, వేసుకోంగా వేసుకోంగా అదే సాగుతాది" అనేవాడు. తోలు సాగిందో లేదో కానీ వేళ్ళు మాత్రం ముడుచుకుపోయాయి. కుడి కాలి రెండో వేలు బొటనవేలి మీదికెక్కి కూర్చుంది. దానికి తోడు షుగరు వచ్చింది. షుగరు ఏళ్ళ తరబడి ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గిపోతుందని మనకి తెలుసు, కానీ ఇంట్లో మనిషికి అది జరుగుతుంటే తెలియదు. బూటు ఒరుసుకుని పుండు పడింది, నొప్పి తెలియలేదు కాబట్టి ఆయన చూసుకోలేదు. 2016లో ఆ వేలు తీసేశారు. డాక్టరు ఆయన బూటులోంచి లోపలి అట్ట బయటికి లాగి నేల మీద పెట్టి, దాని మీద నిలబడమన్నాడు. పాదం ముందూ పక్కలా అట్ట దాటి బయటికొచ్చేసింది. నేను పక్కనే ఉన్నాను. ఎవరం ఏమీ మాట్లాడలేదు.

అప్పటికే నాకు ఆ అట్ట సంగతి తెలుసు. ఎలా తెలుసో, తెలిసి కూడా నాయన బూట్లు ఒక్కసారైనా ఎందుకు చూడలేదో... మొదటిది చెప్పగలను, రెండోది చెప్పలేను.

2011లో ఆన్‌సైట్ మీద డెన్వర్ వెళ్ళాను. మా బావమరిది అక్కడే ఉంటాడు. ఒక శనివారం పెద్ద షూ షాపుకి తీసుకెళ్ళాడు. అక్కడొక పెద్దాయన నన్ను కూర్చోబెట్టి, ఇనప పళ్ళెం లాంటిది తెచ్చి నా కాలు దాని మీద పెట్టాడు. బ్రానాక్ డివైస్ అంటారు దాన్ని, 1920లలో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూజ్‌లో చార్లెస్ బ్రానాక్ అనే ఆయన కనిపెట్టింది. ఇది పొడవు ఒక్కటే కొలవదు. వెడల్పు కొలుస్తుంది, ఇంకా మడమ నుంచి బొటనవేలి కింది బుడిపె దాకా ఎంతో కూడా కొలుస్తుంది. ఈ మూడోది అసలైన కిటుకు. బూటు ఎక్కడ వంగాలో అక్కడే మన కాలూ వంగాలి. వెడల్పు చాలక రెండు నంబర్లు పెద్దది కొన్నామనుకోండి, వెడల్పు సరిపోతుంది కానీ వంపు ముందుకి జరిగిపోతుంది, మడమ లోపల ఎగిరెగిరి పడుతుంది. నేల మీద పర్లేదు, కొండ మీద రెండు గంటల్లో బొబ్బలు. ముప్పై అయిదేళ్ళ వయసులో, మొదటిసారి ఒక మనిషి నా కాలిని కొలిచాడు. యూఎస్ 13, వెడల్పు రకం.

నా నంబరు ఆ షాపులో ఎక్కడ దొరికిందో తెలుసా? వేటగాళ్ళ సెక్షన్లో. కొలరాడోలో ఎల్క్ అనే పెద్ద దుప్పిని వేటాడతారు, లైసెన్సు తీసుకుని, సీజన్లో. దాని మాంసం వీపున మోసుకుంటూ కొండ దిగాలి. అందుకని ఆ బూట్లు బండగా, గట్టిగా, పిక్క సగం దాకా ఉంటాయి. 14, 15, 16 కూడా వరసగా పేర్చి ఉన్నాయి. జేజినాయన చూసుంటే మూర్ఛపోయేవాడు. నేనూ ఇంచుమించు అలాగే అయి, ఏమీ ఆలోచించకుండా ఒక జత కొనేశాను.

2012 ఏప్రిల్‌లో ఊరికొచ్చినప్పుడు ఫ్రెండ్సుతో గండికోట వెళ్ళాం. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు. కొత్త బూట్లు బిగించి దిగాను. ఎండ నలభై రెండు ఉంటుంది. అరగంటకే లోపల పాదాలు ఉడకడం మొదలైంది. రాగి సంగటి పొయ్యి మీదుంటే బుడగలొస్తాయే, అలాగన్నమాట. సాయంత్రం తాపీగా బూటు నాలుక మీది చీటీ చదివితే 400 గ్రాముల ఇన్సులేషన్ అని ఉంది. ఈ 400 గ్రాములు బూటు బరువు కాదండీ, చదరపు మీటరు ఇన్సులేషన్ గుడ్డ బరువు. అంటే మంచులో గంటలు గంటలు కూర్చునేవాళ్ళకి పెట్టిన రజాయి. పైగా నీళ్ళు లోపలికి రాకుండా ఒక పొర. మా సీమలో బూట్లోకి రావడానికి నీళ్ళెక్కడివి? ఆ పొర వల్ల చెమట బయటికి పోవడం తగ్గింది, అదొక్కటే లాభం. చెమటకి చర్మం నానింది, నానిన చర్మం ఒరుసుకుంది, మర్నాడు జేజి చూసి "ఏందిరా సామీ, నిప్పుల గుండం తొక్కినావా?" అంది.

కాబట్టి కడప జిల్లా కొండలకి కావలసింది వేరే. ఇన్సులేషన్ అసలు ఉండకూడదు. మెంబ్రేన్ వద్దు. చీలమండ కప్పేంత ఎత్తు చాలు. గండికోట రాయిని భూగర్భ శాస్త్రవేత్తలు గండికోట క్వార్ట్జైట్ అనే పిలుస్తారు, గరుకు కాగితంలా ఉంటుంది, బూటు ముక్కు అరిగిపోకుండా రబ్బరు తొడుగుంటే మంచిది. పల్లేరుకాయలు, తుమ్మ ముళ్ళు దిగనంత మందం అట్ట. వాన పడితే నల్లరేగడి ఎంత మంచి సోలునైనా పట్టుకుని లాగుతుంది, దానికి మందు లేదు, ఆ రోజు ఇంట్లో ఉండండి.

రెండో తప్పు పూర్తిగా నాదే. 2014లో తేలిక రకం ఒకటి చూసి బావమరిదికి ఫోన్ చేసి "పన్నెండు, రెండు జతలు" అన్నాను. నా లెక్క యూకే పన్నెండు. అతను అమెరికాలో ఉండి యూఎస్ పన్నెండు పంపాడు, అంటే యూకే పదకొండు. యూనిట్లు చెప్పకుండా నంబరు ఒక్కటే పంపితే ఏమవుతుందో మన వృత్తిలో వాళ్ళకి నేను చెప్పాలా? :( బ్రిటిష్ నంబరులో ఒక్క మెట్టు అంటే అంగుళంలో మూడో వంతు, ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. ఒక బార్లీ గింజ పొడవట అది. యూరప్ వాళ్ళ మెట్టు ఆరున్నర చిల్లర. ఎనిమిది మిల్లీమీటర్లంటే ఏముందిలే అనిపిస్తుంది. సముద్రం దాటి వాపసు పంపడం ఎందుకని, అచ్చం మా నాయనలాగే, సాగుతాయిలే అనుకున్నాను. ఎక్కేటప్పుడు ఏమీ తెలియలేదు. కోట నుంచి పెన్న వైపు బండల మీద దిగేటప్పుడు ఒంటి బరువంతా ముందుకొచ్చి, అడుగడుగునా బొటనవేళ్ళు బూటు ముక్కుకి గుద్దుకున్నాయి. రెండు గోళ్ళు నల్లబడి, నెలరోజుల్లో ఊడిపోయాయి. నా ఎనిమిది మిల్లీమీటర్లు అవీ.

తర్వాత నుంచి నేను పాటించేదిది: సాయంత్రం కొలుచుకుంటాను, పొద్దున కంటే అప్పటికి కాలు కొంచెం ఉబ్బి ఉంటుంది. రెండు కాళ్ళూ కొలుస్తాను, పెద్ద కాలు చెప్పిందే వేదం. కొండకేసుకునే మేజోళ్ళు తీసుకెళ్తాను, నూలువి కాదు, అవి తడిస్తే ఆరవు. లోపలి అట్ట తీసి దాని మీద నిలబడతాను, బొటనవేలి ముందు ఒక వేలి మందం మిగలాలి, పక్కల పాదం బయటికి పొర్లకూడదు. తర్వాత మెట్లు దిగుతాను, ఎక్కడం కాదు దిగడం. లేసులు బిగించాక కూడా వేలు ముందుకి తగిలితే ఎంత నచ్చినా డబ్బాలో పెట్టేస్తాను. ఆన్‌లైన్లో అయితే నంబరు చూడను, సెంటీమీటర్లు చూస్తాను.

ఇక మూడోది. 2014లో వచ్చిన రెండు జతల్లో ఒకటి గోళ్ళు తీసుకుంది కదా, రెండోదాన్ని పెట్టె విప్పకుండా బావమరిదికి తిప్పి పంపి, సరైన సైజు తెప్పించి, అపురూపంగా అటక మీద దాచాను. మాలాంటి వాళ్ళకి ఈ జబ్బు ఉంటుంది, సైజు దొరికితే దాచిపెట్టుకోవడం. 2021లో తీసి వేసుకుని గండికోట వెళ్తే గంటకి సోలు కేకులా పొడిపొడిగా రాలిపోయింది. ఒక్కసారి కూడా తొడగని బూటు! తర్వాత చదివితే తెలిసింది, మధ్య పొరలో వాడే పాలీయురేథేన్ గాలిలోని తేమకే మెల్లగా విరిగిపోతుందట. ఊరికే దాచిపెట్టినంత మాత్రాన అది ఆగదు. దొరికాయి కదా అని పదేళ్ళకి సరిపడా కొనకండి.

మధ్యలో ఒక మంచి వార్త. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ వాళ్ళు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల 1,01,880 మంది పాదాలని స్కాన్ చేసి, మనవాళ్ళ పాదాలు యూరప్, అమెరికా వాళ్ళ కంటే వెడల్పని తేల్చారు. ఇన్నాళ్ళూ తెల్లదొరల నంబర్లలో మన కాళ్ళు ఇరికించుకున్నామన్నమాట. దానికి బదులు 'భ' అనే కొత్త కొలత ప్రతిపాదించారు, పసిపిల్లల నుంచి పెద్దల దాకా మొత్తం ఎనిమిది సైజులు. వెడల్పుకి సంతోషమే. కానీ ఎనిమిదంటే మా ఇంటి వాళ్ళం మళ్ళీ ఎడ్జ్ కేసే అవుతామని నా అనుమానం.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మా అబ్బాయి. పదమూడేళ్ళు. మొన్న సెలవుల్లో ప్రొద్దుటూరు వెళ్ళినప్పుడు వాడు మడమల మీద నడుస్తున్నాడని జేజి, అంటే మా అమ్మ, కనిపెట్టింది. స్కూలు బూట్లు మూడు నెలలుగా బిగుతట. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదురా అంటే కిందికి చూస్తూ "షాపులో అందరూ చూస్తారు నాన్నా" అన్నాడు. మేజోడు విప్పి చూశాను. కుడి కాలి రెండో వేలు ఇంకా వంగలేదు, కానీ ఎర్రగా కమిలి ఉంది. పాదం ఇరవై ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. మగపిల్లల పాదాలు పదిహేను పదహారేళ్ళ దాకా పెరుగుతాయంటారు. ఇంకా రెండేళ్ళుంది వీడికి.

"ఇంకో మూడు నెలలు వేసుకుంటాడులే, కొత్తవి ఎందుకు ఇప్పుడే" అని నాయన అలవాటుగా అనేసి, అని ఆగిపోయాడు.

మర్నాడు ముగ్గురం ప్రొద్దుటూరు బజారులో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికెళ్ళాం. రాలిపోయిన నా బూట్లకి 2021లో కొత్త సోలు వేసి కుట్టింది ఆయనే, ఇప్పటికీ తొడుగుతున్నాను. బొగ్గూ తోలూ లేవు గానీ, పాత క్యాలెండరు కాగితం తిరగేసి నేల మీద పరిచాడు. మావాడు నిలబడ్డాడు. పెన్సిలు పాదం చుట్టూ తిరుగుతుంటే చక్కిలిగిలై నవ్వాడు. పెద్దాయన కాగితం పైకెత్తి చూసి, "బాగుండాది కాలు" అన్నాడు, అంతే, ఇంకేమీ అనలేదు. వాడు ఆ కాగితం వంక చాలాసేపు చూశాడు.

నాయన ఆటోలోనే కూర్చుని ఉన్నాడు. కాసేపటికి కర్ర ఊతంగా దిగొచ్చి, "నాది గూడా గీయప్పా" అన్నాడు. ఎంసీఆర్ అని మెత్తటి రబ్బరు షీటు ఉంటుంది, స్పర్శ లేని పాదాలకి దాంతోనే చెప్పులు కుడతారు. ఆ షీటు కడపలో తెచ్చిస్తే కుట్టిస్తానన్నాడు పెద్దాయన. గీత గీస్తూ వేలు లేని చోటికొచ్చేసరికి పెన్సిలు ఆపి, "ఈడ జాగా ఇడ్చాల్నా సార్?" అని అడిగాడు. "ఇడ్చు" అన్నాడు నాయన. "ఈసారి జాగా ఇడ్చు."

షీటు తెచ్చిచ్చాను, చెప్పులు వచ్చే వారం ఇస్తాడట. మావాడికి గండికోటకి కావాలని అడిగిన బూట్లు ఆన్‌లైన్లో పెట్టాను. పదకొండు. యూకే పదకొండే, రెండుసార్లు చూసుకున్నాను.