మన గౌరవ ఫలకము

ఈ సంవత్సరపు క్రీడోత్సవమునాటికి, మన పాఠశాల పూర్వ విద్యార్థులలో ఆటలయందు పేరుగాంచినవారికిని, ఆ ఆటలకు అండగా నిలిచినవారికిని గుర్తుగా ఒక గౌరవ ఫలకమును నెలకొల్పవలెనని పాఠశాల సంఘమువారు తీర్మానించిరి. టేకు పలక సిద్ధమైనది. దానిని చిత్రికపట్టిన వడ్రంగి మన పూర్వ విద్యార్థియే యగుట మాకు సంతోషము. పలకపై 24 పేర్లకు మాత్రమే చోటు కలదు. పేర్లను ఏరి సంఘమువారికి నివేదించు భారము మాపై పడినది. ఈ పనిలో మేము వినినవియు, విచారించినవియు చదువరులతో చెప్పుకొనుట మంచిదని తోచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము. విద్యార్థుల తలిదండ్రులలో పెక్కుమందికి ఈ విషయమున మాకంటె ఎక్కువ తెలిసియుండవచ్చును.

మొదట మన సీమ సంగతి చెప్పవలెను. సంగారెడ్డికిని పటాన్‌చెరుకును నడుమనున్న ఈ నేల ఒకప్పుడు జొన్నచేలతోను చెరువులతోను నిండియుండెను. 1960వ దశకమున రామచంద్రాపురమున బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారము వెలసెను. పిదప పటాన్‌చెరున పారిశ్రామికవాడయు, 1980వ దశకమున ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారమును ఏర్పడెను. జొన్నచేలు తగ్గిపోయినవి, కాని జొన్ననుగూర్చి పరిశోధించు ఇక్రిశాట్ సంస్థ 1972లో పటాన్‌చెరునందే స్థాపింపబడుట ఒక వింత. ఈ కర్మాగారములలో పనికి శ్రీకాకుళమునుండియు, పాలమూరునుండియు, ఒడిషా, బీహారు దేశములనుండియు వచ్చినవారి బిడ్డలే నేడు మన పాఠశాలయందు పెక్కుమంది కలరు. తండ్రి రాత్రి షిఫ్టు ముగించుకొని పగలు నిద్రించుచుండును. తల్లి రెండవ షిఫ్టునకు పోయియుండును. ఇట్టి యింటి బిడ్డ సాయంకాలము చీకటిపడువరకు ఆటస్థలమున నుండవలెనన్న, వానికి అన్నము దాచియుంచువా రెవరు? వానిని ఇల్లు చేర్చువా రెవరు? పేర్లు ఏరుటకు కూర్చున్న నాటినుండి మమ్ములను వెంటాడిన ప్రశ్న యిదియే.

మొదటి సమావేశమున రెండు అభిప్రాయములు వెలువడెను. రాష్ట్రపు పోటీలలో పతకము పొందినవారి పేర్లు మాత్రమే వ్రాయవలెనని కొందరనిరి. ధనమిచ్చి గోడ కట్టించినవారిని, ఆటసామాను కొనియిచ్చినవారిని విడువరాదని మరికొందరనిరి. రెండును న్యాయమైన మాటలే. పతకములకు ఆధారము పాఠశాల దస్తరములందున్నది. విరాళములకు ఆధారము రసీదు పుస్తకములందున్నది. ఏ పుస్తకమునందును ఎక్కనివారి మాట ఆ పూట ఎవరికిని స్ఫురింపలేదు.

ఆ మాట ఎత్తినవాడు ఒక పూర్వ విద్యార్థి. అతడు చదువుకొను దినములలో 1,500 మీటర్ల పరుగునందు జిల్లా పోటీలలో వరుసగా గెలిచినవాడు. ఇప్పుడు పారిశ్రామికవాడలో పనిచేయుచున్నాడు. ఫలకముపై అతని పేరు వ్రాయుదుమని తెలుపుటకై కబురంపగా, రాత్రి షిఫ్టు దిగి కర్మాగారపు ఉడుపుతోనే వచ్చెను. మా మాట విని కొంతసేపు ఊరకుండి, “సారూ, నా పేరు వ్రాయించుట మీ దయ. కాని నేను పరుగెత్తిన బూట్లు డ్రిల్లు మాస్టరుగారు తమ జీతముతో కొన్నవి. ఆ సంగతి వారు ఎవరితోను చెప్పనీయలేదు. వారి పేరు లేని పలకపై నా పేరు వద్దు,” అనెను. మేము ఎంత చెప్పినను ఒప్పుకొనక, టీ కూడ త్రాగక వెడలిపోయెను. డ్రిల్లు మాస్టరుగారు కాలధర్మము నొంది చాల యేండ్లయినది. వారు కొనిన బూట్లకు రసీదు మన పుస్తకములలో నుండుటకు వీలులేదుగదా.

ఈ సందర్భమున మాకు సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబుగారి చరిత్ర జ్ఞప్తికి వచ్చెను. మన పటాన్‌చెరు బాటవెంట బస్సెక్కినచో గంటన్నరలో చేరదగిన హైదరాబాదులోనే ఆయన జీవించిరి. ఆయన 1909లో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్ల పాఠశాలలయందు ఉపాధ్యాయులుగా పనిచేసిరి. దేశముచేత గొప్ప శిక్షకుడనిపించుకొన్న ఈ మహనీయుడు బడిపంతులని మన విద్యార్థులు ముఖ్యముగా గుర్తింపవలెను. 1943లో ఆయన హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, మరణపర్యంతము ఆ పదవియందుండిరి. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు ఐదేండ్లు వరుసగా రోవర్సు కప్పును గెలిచెను.

పిల్లలకై ఆయన జరిపించిన పోటీల విధానము మిక్కిలి ముచ్చటైనది. బంతిని కాళ్లతో దొర్లించుకొనిపోరాదు, అందిన వెంటనే తోడివానికి అందింపవలెనను నియమముతో ఒక పోటీ. వాటమైన కాలు విడిచి, వాటము కాని కాలితోనే తన్నవలెనని మరియొక పోటీ. నియమితమైన ఎత్తును మించినవారికి ప్రవేశము లేదని, పొట్టి పిల్లల కొరకు వేరొక పోటీ. చిన్నవారు పెద్దవారి దెబ్బలకు వెరచి ఆట మానుకొనకుండుటకు ఇంతకంటె మంచి యుపాయము గలదా? ఈ మూడవ పోటీని మన పాఠశాలయందు కూడ జరిపింపవచ్చునని మా అభిప్రాయము. దీనికి కావలసినది గోడపై సుద్దముక్కతో గీచిన ఒక గీతయే.

1951లో న్యూఢిల్లీయందు జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఇరాను జట్టును ఓడించి భారతజట్టు స్వర్ణపతకము పొందినప్పుడు శిక్షకులు రహీంగారే. మరుసటి యేట హెల్సింకి ఒలింపిక్సునందు మనవారిలో పెక్కుమంది వట్టి కాళ్లతో ఆడి యుగోస్లావియా చేత పదింటికి ఒకటిగా ఓడిపోయిరి. అచ్చటినుండి నాలుగేండ్లలో, 1956 మెల్బోర్ను ఒలింపిక్సునందు, ఆస్ట్రేలియాను వారి గడ్డపైననే 4–2 గోలులతో ఓడించి, ఆసియా ఖండమునుండి సెమీఫైనలు చేరిన మొదటి జట్టు మనదే యయ్యెను; తుదకు నాలుగవ స్థానము దక్కెను. ఆ జట్టులో హైదరాబాదు సికిందరాబాదుల యువకులు పలువురు గలరు. సికిందరాబాదు ప్రక్కనున్న అమ్ముగూడయందు పుట్టిన తులసీదాస్ బలరాముగారు అందొకరు. ఆయన 2023లో పరమపదించిరి.

1962 నాటికి రహీంగారిని క్యాన్సరు వ్యాధి పట్టియుండెను. అయినను జకార్తా నగరమునకు జట్టు వెంట పోయిరి. మొదటి ఆటయందు దక్షిణ కొరియాతో 0–2గా ఓడినవారు, సెప్టెంబరు 4వ తేదీన ఫైనలునందు అదే కొరియాను 2–1గా గెలిచిరి. ప్రేక్షకులందరు మనవారికి వ్యతిరేకముగా కేకలు వేయుచుండగా సాధించిన స్వర్ణపతకమది. నాటినుండి ఆసియా క్రీడల ఫుట్‌బాలునందు మన దేశమునకు మరల స్వర్ణము రాలేదు. మరుసటి సంవత్సరము, 1963 జూన్ 11వ తేదీన, రహీంగారు కన్నుమూసిరి.

ఇక సన్మానముల మాట. మన ప్రభుత్వము ఆటగాండ్రకు అర్జున పురస్కారమును 1961లో నెలకొల్పెను. రహీంగారి శిష్యులు దానిని పొందిరి. బలరాముగారికి 1962లో లభించెను. శిక్షకులకు ఇచ్చు ద్రోణాచార్య పురస్కారము ఏర్పడినది 1985లో. అనగా శిష్యునకు సన్మానము ఏర్పడిన 24 ఏండ్లకుగాని గురువునకు సన్మానము చేయవలెనని తోచలేదు. అప్పటికి రహీంగారు గతించి 22 ఏండ్లు. క్రీడలకు తోడ్పడు సంస్థలకును పోషకులకును పురస్కారమిచ్చుట 2009లో మొదలయ్యెను. రహీంగారి కథ చలనచిత్రముగా 2024లో వెలువడగా, మన విద్యార్థులలో పలువురు ఆ చిత్రమువలననే ఆయన పేరు మొదటిసారి వినిరి. దేశమంతటికిని పట్టిన ఈ ఆలస్యము మన చిన్న పలకకు పట్టకూడదని మేము సంఘమువారితో వాదించితిమి.

దాతలను తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. పటాన్‌చెరుకు దూరముకాని గచ్చిబౌలియందు పుల్లెల గోపీచందుగారు నెలకొల్పిన బ్యాడ్మింటన్ విద్యాలయమును చూడుడు. 2001లో ఆల్ ఇంగ్లండు పోటీ గెలిచిన ఆయనకు 2003లో ప్రభుత్వము 5 ఎకరముల నేల నిచ్చెను. భవనమునకు ధనము చాలక ఆయన తమ యింటిని తాకట్టు పెట్టవలసివచ్చెను. నిమ్మగడ్డ ప్రసాదుగారు 5 కోట్ల రూపాయలు విరాళమిచ్చి ఆదుకొనిరి. ధనము లేనిదే అక్కడ గోడలు లేవవు. అయితే ఆ గోడల నడుమ ఆడుటకు పి.వి. సింధును సికిందరాబాదు మారేడుపల్లి వైపునుండి తెల్లవారకముందే తీసుకొనివచ్చుచుండినది ఆమె తండ్రి రమణగారు. ఆయన తాము స్వయముగా 1986 సియోల్ ఆసియా క్రీడలలో వాలీబాలునందు కాంస్యము గెలిచిన జట్టులోనివారు. సింధు 2016లో రియోయందు రజతమును, 2021లో టోక్యోయందు కాంస్యమును తెచ్చుటలో, దాత రూపాయలయందు భాగమెంత, తండ్రి తెల్లవారుజాముల భాగమెంత అని తూచుటకు త్రాసు లేదు.

మన జిల్లా సంగతియే చూతము. సంగారెడ్డిలోని సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాల విద్యార్థినియగు అగసర నందిని, 2023లో హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో హెప్టాథ్లాన్ అను ఏడు పోటీల పందెమునందు 5,712 పాయింట్లతో కాంస్యము గెలిచెను. 2025లో కొరియా దేశపు గుమి నగరమున ఆసియా విజేతగా స్వర్ణము నందుకొనెను. ఆమె తండ్రి టీ అమ్ముకొని జీవించినవారు. పరుగు, దూకుడు, గుండు, ఈటె అను ఇన్ని విద్యలు ఒక పిల్లకు నేర్పుటకు ఎందరు పూనుకొనవలెనో, ఆటలు నేర్పిన ఉపాధ్యాయులకే తెలియును.

ఇన్నియు ఆలోచించి మేము 12 పేర్లు ఆటగాండ్రవియు, 10 పేర్లు అండగా నిలిచినవారివియు ఏర్చితిమి. ఆటగాండ్రనుగూర్చి ఇచ్చట విస్తరింపము. వారి కప్పులు కార్యాలయపు అద్దాల బీరువాలో నున్నవి, ఎవరైనను చూడవచ్చును. రెండవ వరుసలో మొదటి పేరు డ్రిల్లు మాస్టరుగారిది. రెండవది హాస్టలు వంటశాలలో పనిచేసిన పెద్దమ్మది. ఆమె ఆలస్యముగా వచ్చు ఆటగాండ్రకై గంజి చల్లారకుండ పొయ్యిమీదనే ఉంచెడిది. ఎందుకింత కట్టెలు తగులబెట్టుచున్నావని అడిగినవారికి బదులు చెప్పెడిదికాదు. మూడవది ఆడపిల్లలను ఆవరణపు గోడ దాటించి పెద్ద మైదానమునకు తీసికొనిపోయిన ఒక ఉపాధ్యాయినిది. నాడు కొందరు తలిదండ్రులు కోపించి పిల్లలను మాన్పించిరి. ఆమె ఇండ్లకు నడచిపోయి మాటలాడి మరల తెచ్చెను. వారాంతపు సెలవునాడు తామే పలుగులు పట్టి మైదానపు రాళ్లు తీసిన కార్మిక తండ్రులు పదునొకండుగురు. అందరి పేర్లకు చోటులేక ఒకే వరుసలో ఆ గుంపును పేర్కొంటిమి.

నాలుగవ పేరు మైదానమునకు ముప్పదియేండ్లు సున్నపు గీతలు గీచిన బంట్రోతుది. దీనిపై సంఘమున గట్టి చర్చ జరిగినది. జీతము తీసికొని చేసిన పనికి గౌరవమేమిటని ఒకరనిరి. పతకధారుల ప్రక్కన బంట్రోతు పేరు వ్రాసినచో ఆటగాండ్రకు చిన్నతనమగునని మరియొకరనిరి. ఈ రెండవ మాటకు సమాధానము మేము చెప్పవలసిన అవసరము కలుగలేదు. పరుగు పందెగాడు చెప్పిన మాట సంఘమువారికి చదివి వినిపించితిమి. మొదటి మాటకు మాత్రము ఇట్లంటిమి: జీతము గీత గీచినందుకు. వానకాలమున పోటీకి ముందురాత్రి గీత చెరిగిపోగా, ఎవరును పిలువకయే వేకువన మూడింటికి లేచి మరల గీచినందుకు ఏ జీతపు పట్టికలోను లెక్క లేదు. తుదకు సంఘమువారు అంగీకరించిరి.

ఆయన ఇప్పటికిని సంగారెడ్డిలో కుమారుని యింట నున్నారు. చూపు చాలవరకు తగ్గినది. మేము పోయి వార్త తెలుపగా, ఈ యేడు మైదానము ఏ వైపు వాలియున్నదని, నీరు ఎక్కడ నిలుచుచున్నదని అడిగిరేగాని ఫలకమునుగూర్చి ఏమియు అడుగలేదు. నీరు దక్షిణపు మూలనే నిలుచుచున్నదని చెప్పితిమి. అచ్చట కాలువ తీయవలెనని ఎప్పుడో చెప్పితినని ఆయన విసుగుకొనిరి. ఆయన ఆరోగ్యము దృష్ట్యా ఫలకమును క్రీడోత్సవమువరకు ఆపక, వచ్చు నెలయందే గోడకు అమర్చవలెనని ప్రధానోపాధ్యాయులవారిని కోరితిమి. వారు సమ్మతించిరి. కాలువ పని కూడ మొదలైనది.

పలకపై రెండు వరుసలు ఖాళీగా మిగిలినవి. ఒకటి, పూర్వకాలమున మన జట్లను తన యెడ్లబండిపై పోటీలకు ఉచితముగా చేర్చుచుండిన ఒక రైతుకొరకు. ఆయన కంది గ్రామమువాడని కొందరు, ఇస్నాపురమువాడని కొందరు చెప్పుచున్నారు. పేరు మాత్రము ఎవరికిని నిశ్చయముగా తెలియదు. రెండవది, ఒక ఫుట్‌బాలు ఆటయందు కాలు విరిగిన విద్యార్థిని భుజముపై మోసికొని ఆసుపత్రి చేర్చి, పేరైనను చెప్పక వెడలిపోయిన లారీ డ్రైవరుకొరకు. ఈ యిరువురినిగూర్చి తమ యింటి పెద్దలవలన వినియున్న విద్యార్థులు ఆ వివరములను ఒక కాగితముపై వ్రాసి, ఈ నెలాఖరులోపల కార్యాలయమున మాకు అందజేయవలెనని కోరుచున్నాము. వడ్రంగి ఆ రెండు వరుసలను చెక్కకుండ ఆపియుంచినాడు.