వెనిస్ నగరమును చూడబోవువారు గుడార మెచ్చట వేయవలెను?

యాత్రకు బయలుదేరునప్పుడు చూడవలసిన వింతలను గూర్చి యోచించువారు పెక్కుమంది కలరు గాని, రాత్రి తల దాచుకొను చోటును గూర్చి యోచించువారు తక్కువ. మగవారు ‘ఎక్కడో యొకచోట దిగుదము లెమ్ము’ అందురు. ఆ యెక్కడో యొకచోట పొయ్యి వెలిగించవలసినదియు, బిడ్డలను నిద్రపుచ్చవలసినదియు, తడిసిన బట్టలు ఆరవేయవలసినదియు మనమే. కనుక ఈ విషయమున మాట చెప్పు నధికారము మనకే మెండుగా నున్నదని మా యభిప్రాయము.

1830వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తమ ‘కాశీయాత్ర చరిత్ర’లో మజిలీ మజిలీకిని నీటివసతి కలదా, అంగళ్లు కలవా, దిగుటకు స్థలమెట్టిది యని వ్రాసికొనుచు పోయిరి. చిన్ననాడు మా తండ్రిగారు ఆ గ్రంథమును మాచేత చదివించునపుడు, ఈ బావుల లెక్క, అంగళ్ల లెక్క మనకేల యని విసుగుకొనెడివారము. ఇప్పుడు దాని విలువ తెలియుచున్నది. అయినను ఆయనకు లేని చింత యొకటి మనకు కలదు. ఆయన పల్లకియు బోయీలును ఆయన యానతికి లోబడినవారు. మనమో, పరాయి యూరి బస్సుల వేళలకును పడవల వేళలకును మనమే లోబడవలెను.

2025వ సంవత్సరము మే నెలలో, మావారి పాఠశాలకు వేసవి సెలవులు వచ్చినపుడు, జర్మనీ దేశమున మ్యూనిక్ నగరములో ఉద్యోగము చేయుచున్న మా మఱది విమానపు ఖర్చులు తానే భరించి మమ్ము పిలిపించుకొనెను. మేమును, మావారును, అత్తగారును, తొమ్మిదేండ్ల యమ్మాయియు, నాలుగేండ్ల యబ్బాయియు వెళ్లితిమి. అచ్చటినుండి అతని మోటారులో ఇటలీలోని వెనిస్ నగరమును చూడవలెనని సంకల్పము. అచ్చటి హోటలు గదుల వెలలు వినగానే మావారి ముఖము వెలవెలబోయెను. పైగా అత్తగారు మడి కట్టుకొననిదే అన్నము ముట్టరు. అప్పుడు మఱది, ‘వదినా, గుడారములో ఉండగలరా?’ అని యడిగెను.

గుడార మనగానే మనవారికి సర్కసో సైన్యమో జ్ఞప్తికి వచ్చును. ఐరోపాలో అట్లు కాదు. ఊరి వెలుపల కంచె వేసిన తోటలు కలవు. వానిలో స్థలములకు సంఖ్యలు వేసి రాత్రికింత యని అద్దె పుచ్చుకొందురు. వేడినీటి స్నానపు గదులు, అంట్లు తోముకొను తొట్లు, విద్యుద్దీపము అన్నియు నుండును. పొయ్యి మనది, గిన్నెలు మనవి. అత్తగారి మడికి ఇంతకంటె అనుకూలమైన బస ఏ హోటలునను దొరకదు.

ఇక వెనిస్ సంగతి. ఆ నగరము ఉప్పునీటి కయ్యలో నూటికి పైబడిన చిన్న దీవులమీద కట్టబడినది. 1846లో రైలు వంతెనయు, 1933లో బాటవంతెనయు వచ్చువఱకు దానికి నేలతో సంబంధమే లేదు. నేటికిని మోటారులు పియాత్సాలె రోమా యను చౌకముతో నిలిచిపోవలసినదే. ఆ పైన నడకయో పడవయో. ఆ పాతనగరములో గుడారము వేయరాదు, బహిరంగ స్థలములలో పొయ్యి వెలిగించరాదు. 2019లో బెర్లిను నుండి వచ్చిన యిద్దరు యాత్రికులు రియాల్టో వంతెన మెట్లకడ చిన్న పొయ్యిమీద కాఫీ కాచుకొన్నందులకు 950 యూరోలు జరిమానా విధించి, వారిని ఊరినుండి పంపివైచిరి. ఆ కథ విన్నది మొదలు అత్తగారు మా పొయ్యి సంచిని పెట్టె యడుగున దాచుమని పోరసాగిరి. కాబట్టి వంటయు పడకయు ఊరి వెలుపల, ఊరు చూచుట పగలు. ఈ రెంటినడుమ ప్రతిదినము పోయివచ్చు దారియే అసలు ప్రశ్న.

గుడారములు వేయుటకు తగిన తావులు మాకు మూడు కనబడెను. మొదటిది తూర్పున సముద్రతీరమునందలి పుంటా సబ్బియోని పరిసరము. ఇసుక తిన్నెలు, చెట్లనీడ, బిడ్డలకు ఆటస్థలము. అచ్చటి రేవునుండి లీడో దీవి మీదుగా నగర పడవలు సెయింటు మార్కు చౌకమునకు చేరువగా దింపును. మావారి మనస్సు దీనిమీద పడెను. కాని ఆ తీరము క్రోసుల పొడవున సాగినది. తోటలన్నియు రేవునకు చేరువవి కావు. కొన్నిటినుండి రేవునకు పోవుటకే బస్సు ఎక్కవలెను. పడవకై బస్సు, బస్సుకై నడక. అదిగాక ఆ తీరము 1999 నుండి వేఱొక మునిసిపాలిటీ క్రిందిది. ఆ సంగతి ఎందులకు ముఖ్యమో ముందు చెప్పెదము.

రెండవది ఫుసీనా. ఇది కయ్య యొడ్డుననే యున్నది. గుడారమునుండి లేచి నాలుగడుగులు వేసినచో పడవరేవు. అరగంటలోపుగా పడవ జాత్తెరె యను గట్టున దింపును. నీటిమీదుగా గోపురములు పైకి లేచుచు కనబడు ప్రవేశమునకు సాటి లేదని చూచినవారందఱు చెప్పుదురు. మా మఱది దీనినే పట్టుపట్టెను. అయితే ఆ పడవలు వేఱొక సంస్థవి. నగర పడవలకు కొన్న చీటి అందు చెల్లదు. ఋతువును బట్టి వేళలు మాఱును. కడపటి పడవ నగర పడవలవలె నడిరాత్రి వఱకు కాచుకొని యుండదు. దీపాల వేళను చూడగోరినవారు గడియారము చూచుకొనుచు పరుగెత్తవలెను.

మూడవది మెస్ట్రే. ఇది నేలమీది ఊరు, పనివాండ్ర ఊరు. చూచుటకు అందమేమియు లేదు. రాజమార్గముల రొద కలదు, విమానాశ్రయమును చేరువనే. దాని శివారున గుడారపు తోటలు కలవు. వానిలో కొన్నిటి వాకిటనే పియాత్సాలె రోమాకు పోవు బస్సు నిలుచును. 2015 మొదలు మెస్ట్రేనుండి ట్రామును అచ్చటికే పోవుచున్నది. మెస్ట్రే స్టేషనునుండి రైలులో వెనిస్ పదినిమిషముల దారి.

మఱది చేతిలోని పటమును చూచి మగవారిరువురు దూరములను కొలుచుచుండిరి. మేము మూడు ప్రశ్నలు మాత్రమే వేసితిమి. రాత్రి కడపటి బండి ఎన్ని గంటలకు? అది తప్పిపోయినచో వేఱొక దారి కలదా? బండి దిగిన చోటినుండి గుడారమునకు, నిద్రించిన బిడ్డను భుజముపై వేసికొని, చీకటిలో ఎంతసేపు నడువవలెను? మొదటి రెండు తావులకును ఈ మూడింటిలో ఏదో యొకదానికి జవాబు చిక్కలేదు. మెస్ట్రేకు చిక్కెను: బస్సు, ట్రాము, రైలు మూడును కలవు, అర్ధరాత్రి దాటినను బస్సులు కలవు. మావారు, ‘ఇంతదూరము వచ్చి సముద్రపు టొడ్డు వదలి మోటారు బాట ప్రక్కనా?’ అనిరి. అత్తగారు, ‘సముద్రం మన బందరులో లేదట్రా? నా మోకాళ్లకు మెట్లు లేని దారి చూడండి, చాలు’ అని తేల్చివైచిరి. ఆ మాటతో మఱది పటమును మడిచి జేబులో పెట్టుకొనెను.

మెట్ల మాట నిజముగా పెద్దమాట. ఆ నగరమున వంతెనలు నాలుగువందలకు పైచిలుకు. మిక్కిలి వానికి మెట్లే. పియాత్సాలె రోమాలో బస్సు దిగినవారు వంతెన యెక్కకయే పడవరేవు చేరవచ్చును. ఒకటవ సంఖ్య పడవ పెద్దకాలువ పొడవునను మెల్లగా, ఇంచుమించు ప్రతి రేవునను ఆగుచు, ముప్పాతిక గంటకు సెయింటు మార్కు రేవునకు పోవును. ఇరుగట్లనున్న మేడలన్నియు కూర్చుండియే చూడవచ్చును. అత్తగారు మూడు దినములలో మూడు వంతెనలకంటె నెక్కువ ఎక్కలేదు. అయినను మాకంటె నెక్కువ చూచితి నని చెప్పుకొనుచున్నారు. రియాల్టో రాతివంతెన 1591లో ముగిసినదని మఱది చెప్పగా, దానిక్రిందుగా పడవ పోవునపుడెల్ల మనుమరాలిచేత లెక్కలు వేయించి దాని వయస్సు చెప్పించుచుండిరి.

చీటీల సంగతి చెప్పక తప్పదు. ఆ పడవలలో ఒక్క ప్రయాణపు చీటి వెల 9 యూరోల 50 సెంట్లు. అది 75 నిమిషములు చెల్లును. అప్పటి మారకమున మన లెక్కకు 900 రూపాయల పైమాట. మూడు దినముల చీటి 45 యూరోలు. మెస్ట్రే బస్సులలోను ట్రాములోను కూడ చెల్లును. ఐదు పర్యాయములు పడవ యెక్కిన చీటి ఖర్చు తీఱినట్లే. ఆరేండ్లు నిండని బిడ్డలకు చీటి లేదు. ఇక బస ఎంచునపుడు ఈ చీటి ఎంతవఱకు చెల్లునో తెలిసికొననిచో, గుడారపు టద్దెలో మిగిలిన సొమ్ము దారిలో కరగిపోవును.

మునిసిపాలిటీ మాట మఱచితిమి కాము. 2024 ఏప్రిలు 25వ తేది మొదలు, ఎంచిన కొన్ని దినములందు ఒక్కపూట చూచిపోవువారు వెనిస్ పాతనగరమున ప్రవేశించుటకు రుసుము చెల్లించవలెనని యేర్పరచిరి. 2025లో అది ముందుగా చెల్లించినవారికి 5 యూరోలు, కడపటి దినములలో చెల్లించినవారికి 10 యూరోలు. పదునాలుగేండ్లలోపు పిల్లలకు లేదు. వెనిస్ నగరపాలనము హద్దులలో రాత్రి బసచేయువారికిని లేదు. గుడారములో నున్నను సరియే. అయితే ముందుగా పేరు నమోదు చేసికొని మినహాయింపు పత్రము దగ్గఱ నుంచుకొనవలెను. మెస్ట్రేయు ఫుసీనాయు ఆ హద్దులలోనివి. పుంటా సబ్బియోని కాదు. పటములో చూచిన మూడును కయ్య చుట్టునే యున్నవి. హద్దు గీత మాత్రము కంటికి కనబడదు.

మేము తెల్లవాఱుజామున అన్నము వార్చి, పెరుగు కలిపి, డబ్బాలకెత్తుకొని పోవుచుంటిమి. వెనిస్‌లో మెట్లమీదను చౌకములలోను నేలపై కూర్చుండి భుజించుట నిషేధము. పియాత్సాలె రోమా చెంతనున్న పాపడోపొలి తోటలో బల్లలు కలవు. అచ్చట ఆవకాయ వాసనకు తలతిప్పి చూచినవారే గాని మందలించినవారు లేరు. మంచినీటికి ఊరంతట కొళాయిలు కలవు, సీసా నింపుకొనవచ్చును. మఱుగుదొడ్లకు మాత్రము సొమ్ము చెల్లించవలెను. పిల్లలు గలవారు చిల్లర యుంచుకొనవలెను.

రెండవనాటి రాత్రి సంగతి యొకటి. మే నెలలో అచ్చట ఎనిమిదిన్నర దాటినగాని ప్రొద్దు క్రుంకదు. దీపములు నీటిలో ప్రతిఫలించుట చూడకయే పోవుటకు మనసొప్పలేదు. అబ్బాయి పడవలోనే నిద్రపోయెను. పియాత్సాలె రోమాకు వచ్చునప్పటికి పదునొకండు కావచ్చెను. మా కంటియెదుటనే ఒక బస్సు సాగిపోయెను. మావారు కంగారుపడి పరుగెత్తబోయిరి. మేము బల్లమీద కూర్చుంటిమి. కొంతసేపటికి మఱియొక బస్సు వచ్చెను. దిగినచోటినుండి గుడారమునకు నూఱడుగులు, దారిపొడవున దీపములు. పడకలు పఱచునపుడు మావారు, ‘ఈ సమయమున రేవులో నిలిచియుండిన మన గతి యేమి?’ అనిరి. మేమేమియు బదులు చెప్పలేదు. చెప్పవలసిన పని యేమున్నది?

అత్తగారి మోకాళ్లు బాగున్న పక్షమున మేమును ఫుసీనానే కోరియుందుము గాబోలు. పసిబిడ్డలు లేని దంపతులు, ఊరికంటె సముద్రస్నానమే ముఖ్యమైనవారు, తూర్పుతీరమున రేవునకు దగ్గఱగా చూచుకొని దిగవచ్చును. మెస్ట్రేలో మాకు దొరకనివి కొన్ని కలవు. తెల్లవాఱుజామున కోయిలకు బదులు లారీలు లేపెను. విమానములు తలపైగా పోవుచుండెను. దోమలు మన కొల్లేటి దోమలకు తీసిపోవు. దోమతెర ఇంటినుండి కొనిపోవుట మంచిది. పొయ్యికి వలయు గ్యాసు డబ్బా విమానములో రానీయరు గనుక అచ్చటనే కొనవలెను. మేము తోట వాకిటనున్న అంగడిలోనే కొంటిమి.