తలంబ్రాల సీన్

మా ఇంటికంతటికీ పీసీ ఒక్కటే. తెనాలిలో నాన్న ఫోటో స్టూడియో వెనక గదిలో ఉంటుంది. పగలు నాన్న దాని మీద పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. సెలవులకి ఇంటికెళ్తే రాత్రిపూట నేను గేమ్స్ ఆడతాను.

అందులో ఉన్నది 2018 నాటి రైజెన్ 5 2600. 6 కోర్లు. రాత్రి ఒక పెళ్ళి ఎక్స్‌పోర్ట్‌కి పెడితే ఐదు గంటలు. ఇక ఆ రాత్రి నాకు గేమ్ లేనట్టే. "ప్రాసెసర్ మారిస్తే నీ పనీ అవుతుంది, నా పనీ అవుతుంది నాన్నా" అన్నాను. రెండు పెళ్ళిళ్ళ డబ్బులోంచి ఇస్తానన్నాడు.

నిజానికి అప్పటికే నేను 5800ఎక్స్3డీకి ఫిక్స్ అయిపోయాను. మా బీ450 బోర్డులోనే కూర్చుంటుంది. 96 ఎంబీ ఎల్3 క్యాష్. దాని కంటే తక్కువ ధరలో 5700ఎక్స్ ఉంది. అదీ 8 కోర్లు, 16 థ్రెడ్లే, క్యాష్ మాత్రం 32 ఎంబీ. ఆ అదనపు క్యాష్ గేమ్స్‌కి బాగా ఉపయోగపడుతుంది. ఎన్‌కోడింగ్‌కి దానితో పెద్దగా పనిలేదు, కోర్లుంటే చాలు. అంటే ఎక్కువ పెట్టే డబ్బంతా నా గేమ్ కోసమే. ఆ ముక్క నాన్నకి చెప్పలేదు.

కొనేముందు ఒక టెస్ట్ చేశాను. గేమ్ రెజల్యూషన్ 1080 నుంచి 720కి తగ్గించాను. ఎఫ్‌పీఎస్ అమాంతం పెరిగింది. రెజల్యూషన్ తగ్గిస్తే తేలికయ్యేది గ్రాఫిక్స్ కార్డు పని. ప్రాసెసర్ పని దాదాపు అంతే ఉంటుంది. అంటే నన్ను ఆపుతున్నది మా జీటీఎక్స్ 1650 కార్డు. ఎక్స్3డీ కొన్నా నా గేమ్ మారదు.

పోనీ ఎక్స్‌పోర్ట్ కూడా కార్డుకే ఇచ్చేస్తే? ఇచ్చి చూశాను. గంటలోపే అయిపోయింది. నాన్న నేరుగా తలంబ్రాల సీన్‌కి వెళ్ళాడు. "ఏంట్రా ఇది, గళ్ళు గళ్ళుగా వచ్చింది?"

ఎన్‌కోడర్ ప్రతి ఫ్రేమ్‌నీ పూర్తిగా దాచదు. ముందు ఫ్రేమ్‌లోంచి ఏది ఎటు జరిగిందో, ఏం మారిందో వెతికి చాలావరకు అదే రాసుకుంటుంది. పంతులుగారు కూర్చుని మంత్రాలు చదువుతుంటే మారేది తక్కువ. తలంబ్రాలు పోస్తే వందల గింజలు, ఒక్కోటి ఒక్కో దారి. ఇచ్చిన బిట్స్ చాలవు. మా కార్డులోని ఎన్‌కోడర్ వేగం కోసం వెతకడం తగ్గిస్తుంది. ఎక్స్264ని స్లో ప్రీసెట్‌లో పెడితే ప్రాసెసర్ ఓపిగ్గా వెతుకుతుంది. అదే ఫైల్ సైజులో బొమ్మ శుభ్రంగా వస్తుంది. ఆ ఓపికకే ఐదు గంటలు.

5700ఎక్స్ కొన్నాం. పాత ప్రాసెసర్ తీయకముందే బయోస్ అప్‌డేట్ చేశాను. మధ్యలో కరెంటు పోతే బోర్డు పాడయ్యే ప్రమాదం ఉంది. అది పూర్తయ్యేదాకా నాకు ఊపిరాడలేదు.

ఇప్పుడు అదే ఎక్స్‌పోర్ట్ మూడు గంటల్లోపు అవుతోంది. నా గేమ్‌లో ఎఫ్‌పీఎస్ మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆ రాత్రి నాన్నకి ఎక్స్3డీ సంగతి చెప్పేశాను. "నాకు తెలీదనుకున్నావా?" అని నవ్వి, తలంబ్రాల దగ్గర పాజ్ చేశాడు. గళ్ళు లేవు. మిగిలిన డబ్బుకి ఇంకాస్త కలిపి గ్రాఫిక్స్ కార్డు కొందామా అని అడగబోయాను.

ఇంకో రెండు పెళ్ళిళ్ళు అయ్యాక అడుగుతాను.