“మీ ఆయన తాగుతాడా?”

ఇక్కడ సాధారణంగా కథల పుస్తకాలను గూర్చి వ్రాస్తుంటాను. ఈసారి నా బల్లమీద ఉన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి చిన్న పుస్తకం ‘ఆడిట్’, 2001 నాటి రెండవ కూర్పు. సాధారణ వైద్యుని వద్దకు వచ్చేవారిలో మద్యపాన సమస్యను ముందుగా పసిగట్టడానికి అందులో పది ప్రశ్నలున్నాయి. జవాబులకు మార్కులు వేసి కూడితే 8 రాకూడదు. స్త్రీలకు 7 వచ్చినా జాగ్రత్తపడమంటుంది. సబబే. స్త్రీ శరీరంలో నీటి పాలు తక్కువ గనుక అదే మోతాదు ఆమె రక్తంలో మరింత చిక్కగా చేరుతుంది.

ఇదంతా నాకు ఏనాడో తెలుసు. అయినా కొన్నేళ్ళ క్రిందట, కడప జిల్లా నుండి వచ్చి కువైటీ ఇంట్లో పనిచేస్తున్న నలభైయేళ్ళ ఆవిడను చూచినప్పుడు ఆ ప్రశ్న నోటికి రాలేదు. కడుపులో మంట, నిద్రలేమి, ఉదయంపూట చేతుల వణుకు. ఎర్రకణాల పరిమాణం పెద్దది, జీజీటీ ఎక్కువ. మగవాడైతే అరనిమిషంలో అడిగి ఉండేవాణ్ణి. ఆమెను అడిగినది, “మీ ఆయన తాగుతాడా అమ్మా?” అని.

“తాగుతాడు సార్, నేను పంపే దుడ్లన్నీ దానికే.”

సానుభూతితో విని బీ12 మాత్రలు వ్రాసిచ్చాను. సారా కథలో స్త్రీకి నేనిచ్చిన పాత్ర ఒకటే: దూబగుంటలో దుకాణం మూయించిన రోసమ్మది.

తరువాత ఆమె మణికట్టు విరిగి వార్డులో చేరింది. రెండవనాటి రాత్రి దుప్పటిమీద చీమలు ప్రాకుతున్నాయని కేకలు పెట్టింది. “ఈమెకు తాగే అలవాటుందేమో అడిగారా డాక్టర్?” అన్నది మలయాళీ నర్సు.

కోలుకున్నాక తానే చెప్పింది. “నిద్ర పట్టేది కాదు సార్. శుక్రవారం సెలవునాడు తెలిసినామె నీళ్ళ సీసాలో పోసిచ్చేది. మీరు అడిగింటే మాత్రం ఎట్లా చెప్తాను? మామా పక్కనే ఉన్నింది గదా.” ‘మామా’ అంటే యజమానురాలు. ఆమె వీసా ఆ ఇంటివారి చేతిలో ఉంది.

పుస్తకంలోని రెండవ ప్రశ్న, తాగిన రోజున ఎన్ని డ్రింకులని. ఒక డ్రింకంటే 10 గ్రాముల ఆల్కహాలు. నీళ్ళ సీసాలోని దొంగసారాకు గ్రాములెవరు కొలిచారు? 2025 ఆగస్టులో ఇక్కడ మిథనాలు కలిసిన మద్యం త్రాగి 23 మంది చనిపోయారు. 1960ల నుండి మద్యం నిషిద్ధమైన దేశంలో ‘అవును’ అనడం నేరాన్ని ఒప్పుకోవడమే.

ఇప్పుడు ఈసీజీ సాకుతో యజమానురాలిని బయట కూర్చోబెడతాను. మొదట నిద్రను గూర్చి, ఆ తరువాత నిద్రకోసం తీసుకునేదాన్ని గూర్చి అడుగుతాను. చిక్కల్లా జవాబు వచ్చాకనే. వ్రాస్తే ఆ కాగితం ఎవరి కంట పడుతుందోనని భయం. వ్రాయకపోతే రాత్రి డ్యూటీ వైద్యునికి ఆ వణుకు ఎందుకో తెలియదు. ప్రస్తుతానికి ఆయనను ప్రక్కకు పిలిచి నోటితో చెప్పి ఇంటికి వెళ్తున్నాను.