వెంట్రుక మీది పెంకులు

జహీరాబాదు కాలేజీలో తెలుగు చెప్పుకునే నాకు సూక్ష్మదర్శినితో పనేమిటంటారా? మా అమ్మాయి జడకొస నానాటికీ సన్నబడుతుంటే, దువ్వెనలో చిక్కిన వెంట్రుకను వృక్షశాస్త్రం మాస్టారి దగ్గరకు పట్టుకెళ్ళాను.

కురులను తుమ్మెదలతో పోల్చిన కవులకు పెంకుటిల్లు తట్టలేదు గాని, నాకు కనిపించింది అదే! ఒకదానిమీదొకటి పరచిన సన్నని పెంకులు. కొసన అవి రాలిపోయి, వెంట్రుక చీపురులా చీలింది.

తడిస్తే వెంట్రుక ఉబ్బి పెంకులు లేస్తాయన్నారు మాస్టారు. అప్పుడే దువ్వితే ఊడతాయి. చీలింది మళ్ళీ అతకదు, కత్తిరించవలసిందే. కుదురు దాటాక వెంట్రుకలో ప్రాణమెక్కడిది?

తలంటుకు ముందు రాసిన కొబ్బరినూనె లోపలికింకి, మాంసకృత్తులు పోకుండా కాస్తుందని 2003లో ముంబయి పరిశోధకులు ప్రకటించారు. పొద్దుతిరుగుడు నూనెకు ఆ గుణం లేదట.

మా అత్తగారితో చెప్పాను. "ఈమాత్రానికి అద్దంలో చూడాలటమ్మా?" అన్నారావిడ.