మామ్మ పద్దులు

తణుకు పక్కన మా ఊళ్లో వంటింటి తలుపు వెనక వెంకట్రామా వారి క్యాలెండరు వేలాడేది. తిథులూ వర్జ్యాలూ అచ్చైన ఆ గళ్లల్లోనే, అంకె పక్కన మిగిలిన కాస్త తెల్లచోటులో, మేకుకి దారంతో కట్టిన పెన్సిలు ముక్కతో మామ్మ పాల లెక్క రాసుకునేది: మామూలు రోజున సోల, చుట్టాలొస్తే తవ్వ, దూడ తాగేసిన పూట సున్నా.

ఆ ఇంట్లో ఏ వస్తువుకైనా ఒక చోటుండేది. లాంతరు చిమ్నీ మధ్యాహ్నమే ముగ్గుతో తుడిచి, కిరసనాయిలు పోసి గూట్లో పెడితే, పక్కనే అగ్గిపెట్టె; కరెంటు పోయిన రాత్రి చీకట్లో చెయ్యి చాస్తే చాలు, అందేది. వసారాలో వంచిన ఇనప తీగకి ఉత్తరాలూ శిస్తు రసీదులూ గుచ్చి ఉండేవి, పాతవి అడుక్కి, కొత్తవి పైకి. వేలితో ఒక్కొక్కటే జరుపుతుంటే దుమ్మూ పాత కాగితాల వాసనా కలిసి ముక్కుకి తగిలేవి. మరిచిపోకూడని పనుంటే కొంగుకి ముడేసుకునేది, పనయ్యాకే విప్పేది.

ఏడాదిని కార్తెలతో కొలిచేది మామ్మ. 27 కార్తెలు, ఒక్కోటీ 13, 14 రోజులు. మాఘమాసపు ఎండకి వడియాలు, వేసవి మొదట్లో కొత్త చింతపండు గింజ తీసి ఉప్పేసి జాడీకెత్తడం, రోహిణి ఎండల్లో ఆవకాయ, మృగశిర చినుకు పడకముందే పిడకలు అటకెక్కించడం. ఒక పని కోసం ఇంకో పని ఆగేది కాదు, మామ్మ పరిగెత్తడమూ నేను చూడలేదు.

నెల తిరగ్గానే గళ్లన్నీ కూడి, పాలావిడ డబ్బులూ చాకలి పద్దు డబ్బులూ విడివిడిగా కాగితాల్లో చుట్టి ఉంచేది. పాలావిడ అరుగు మీద కూచుని చెంబు దించేసరికి ఆ పొట్లం చేతిలో పెట్టి, చంటిదానికి జ్వరం తగ్గిందా, పెద్దాడు బడికెళ్తున్నాడా అని అడిగేది. "కష్టపడ్డోళ్ల చేత అడిగించుకోకూడదే" అని నాతో అనేది. పక్కింటి నుంచి గిద్దెడు పంచదార తెచ్చుకున్నా, ఆ గిన్నె ఉత్తిగా తిరిగెళ్లేది కాదు.

ఇప్పుడు పాల పాకెట్టు నేను లేవకముందే గుమ్మానికి తగిలించిన సంచిలో పడుతుంది, డబ్బులు ఒకటో తారీకునే ఫోన్లోంచి వెళ్లిపోతాయి. అడిగించుకోవడం లేదు, నిజమే. ఆ పాలు వేసేవాళ్లింట్లో ఎంతమంది పిల్లలో, ఎవరికి ఒంట్లో బాగాలేదో, మామ్మకైతే తెలిసుండేది.